ఐపీస్‌లో మచ్చ

లాలాగూడ రైల్వే క్వార్టర్స్,
18 జనవరి 2005

రాజు లెన్స్ వర్క్స్ యజమాని గారికి,
గూడ్స్ డ్రైవర్ పి. జకర్యా వందనాలతో రాసుకుంటున్న సంగతి.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. మీ అడ్రసు టెలిస్కోప్ పెట్టె అడుగున ఒక చీటీ మీద దొరికింది. ఆ టెలిస్కోప్ కూడా నేను కొత్తది కొనలేదు. మా గార్డు ఒకాయన బదిలీ మీద వెళ్తూ, సామాను తగ్గించుకోవడానికి నాకు అంటగట్టి పోయాడు. మూడంగుళాల నోరు, ఏడు వందల మిల్లీమీటర్ల పొడవు అని గొట్టం మీద రాసి ఉంది.

నాకు యాభై ఏడేళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇంజను మీద ఉన్నాను. కాజీపేట లైన్లో ఆకాశం నిండా చుక్కల్ని చూస్తూ బండి నడిపాను గానీ వాటిలో ఒక్కదాని పేరూ నాకు తెలియదు. రిటైరయ్యేలోగా శనిగ్రహం చుట్టూ ఉండే ఉంగరాన్ని నా కళ్లతో నేను చూడాలని కోరిక. మరీ పెద్ద కోరికేం కాదనుకుంటాను.

పెట్టెలో రెండు ఐపీస్‌లు వచ్చాయి. అదేనండి, కన్ను ఆనించి చూసే చిన్న గాజు బుడ్డీలు. ఒకదాని మీద 25 అని, ఇంకోదాని మీద 4 అని ఉంది. 25లో శని జొన్నగింజంత కనబడుతున్నాడు. 4లో పొగమంచు తప్ప ఏమీ లేదు. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, ఇంజనుకు హార్స్‌పవర్ ఎలాగో దీనికి ఈ నంబరు అలాగ. పెద్దదైతేనే బలం. కాబట్టి మీ దగ్గర 40 గానీ 50 గానీ ఉంటే, వెయ్యి రూపాయల లోపు వచ్చేది ఒకటి పంపగలరు.

ఏప్రిల్‌లో నాకు మెడికల్ ఉంది. ఈ వయసు డ్రైవర్లకు ఏటా కళ్లు పరీక్ష చేసి, పాసైతేనే మళ్లీ ఇంజను ఎక్కనిస్తారు. ఆ హడావుడి మొదలయ్యేలోగా ఉంగరం పని ముగించేయాలి. ఇంత చిన్న విషయాన్ని కాగితం మీద పెట్టానని నవ్వుకోకండి. మా రైల్వేలో నోటిమాట చెల్లదు.

ఇట్లు,
పి. జకర్యా

తా.క.: ఇంట్లో దీన్ని రైల్వే సామాను అని చెప్పాను. మా ఆవిడ దేవకృప నమ్మి, దాని మీద తువ్వాలు ఆరేస్తోంది. దయచేసి ఫోన్ చేయకండి.


మల్కాజ్‌గిరి,
22 జనవరి 2005

జకర్యా గారికి,
సుబ్బరాజు చేతులెత్తి నమస్కరించి రాస్తున్నది.

ఈ షాపుకు ఉత్తరం వచ్చి మూడేళ్లయింది. పోస్ట్‌మాన్ కూడా ఇంటి నంబరు తప్పేమోనని రెండుసార్లు అడిగి మరీ ఇచ్చాడు. షాపు అంటే పెద్దగా ఊహించుకోకండి. నేను ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అసిస్టెంటుగా చేసి మానేసినవాణ్ని. ఇంటి ముందు గదిలో లెన్సులు కూర్చి ఐపీస్‌లు చేస్తాను. హైటెక్ సిటీ కుర్రాళ్లు వస్తారు, ఎనిమిది వేల ఐపీస్ ఉందా అని అడుగుతారు. నా దగ్గర లేదంటే జాలిగా చూసి వెళ్లిపోతారు. వాళ్లు ఇంకెక్కడో కొని, చంద్రుణ్ని ఒక్కసారి చూసి, ఆ తర్వాత స్టాండు మీద ప్యాంట్లు ఆరేసుకుంటారు. మీ ఇంట్లో తువ్వాలే కాబట్టి మీరు నయం.

ముందు మీ హార్స్‌పవర్ సంగతి. ఇక్కడ లెక్క తలకిందులు. నంబరు తగ్గే కొద్దీ బొమ్మ పెద్దదవుతుంది. మీ గొట్టం పొడవు 700ని ఐపీస్ నంబరుతో భాగించండి. 25 పెడితే ఇరవై ఎనిమిది రెట్లు. 10 పెడితే డెబ్బై రెట్లు. 4 పెడితే నూట డెబ్బై ఐదు. అది విని జనం మోసపోతారనే ఆ 4ని పెట్టెలో పెడతారు. మీ మూడంగుళాల నోటికి అంత వెలుగు దొరకదు, బొమ్మ పెద్దదై మసకబారి చస్తుంది. మీరు చూసిన పొగమంచు అదే. దాన్ని మీ పేపర్లు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకోండి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. 25 ఉంది, దానికి తోడు ఒక మంచి 10 చాలు. ప్లాస్టిక్ లెన్సుది కాకుండా గాజుది, ఏటవాలుగా పట్టుకుంటే పచ్చగా మెరిసేది తీసుకోవాలి. నాలుగు లెన్సులతో నేను చేసిన 10 ఒకటి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. ఆరు వందల యాభై. ఉంగరం కనబడకపోతే ఎన్నిసార్లైనా మార్చి ఇస్తాను, ఇది నా మాట.

మీ విధేయుడు,
సుబ్బరాజు

తా.క.: పార్సిల్ మీద 'విడి భాగం' అని రాశాను. మీ ఆవిడ గారికి మీరు చెప్పిన అబద్ధంలో నా వాటా అంతే.


లాలాగూడ,
2 ఫిబ్రవరి 2005

సుబ్బరాజు గారికి,
జకర్యా వందనాలు.

10 చేరింది. నంబరు తగ్గితే బలం పెరుగుతుందన్న మాట ఇప్పటికీ నా బుర్రకెక్కలేదు గానీ, ఫిజిక్స్ చదివినవారు కాబట్టి ఒప్పుకున్నాను.

ఇక అసలు విషయం. మీ ఐపీస్‌లో మచ్చ ఉంది. సరిగ్గా నడిమధ్యన. చంద్రుణ్ని పెడితే అంచుల్లో గుంటలన్నీ చక్కగా కనబడతాయి, మధ్యలో మాత్రం మసిగుడ్డతో తుడిచినట్టు ఉంటుంది. శనిని పెడితే ఇంకా విడ్డూరం. నేరుగా చూస్తే శని మాయం. పక్కకు చూస్తే, ఓరగా, ఉంగరం ఉన్నట్టే తోస్తుంది. హమ్మయ్య అని దానివైపు తిరిగితే మళ్లీ లేదు. పెళ్లిచూపుల్లో పిల్ల కూడా ఇంత దాక్కోదు.

సాక్షులు ఉన్నారా అంటారేమో. ఉన్నారు గానీ పనికిరారు. మొన్న సాయంత్రం డాబా మీద ఉండగా దేవకృప పైకి వచ్చి, "రైల్వే సామానుతో చంద్రుణ్ని రిపేరు చేస్తున్నారా?" అంది. దొరికిపోయాను. చివాట్లు అయ్యాక తనూ చూసి, "అబ్బ, ఎంత బాగుందండీ" అంది. ఆవిడ సాక్ష్యం చెల్లదు. గంటన్నర ప్రసంగాన్ని కూడా బాగుందంటుంది, మా అక్క చేసే కేకును కూడా బాగుందంటుంది. రెండో సాక్షి నా అసిస్టెంటు వాసు. వాడు శని పేరు వినగానే రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకు ఏల్నాటి శని నడుస్తుందన్నా. ఆయనే నా మీద కూసున్నడు, మళ్ల నేను పోయి చూసుడేంది?" అన్నాడు.

మా ఇంజనులో ఒక పుస్తకం ఉంటుంది. ట్రిప్పు దిగేటప్పుడు డ్రైవరు తనకు కనబడిన లోపం అందులో రాయాలి. షెడ్డువాళ్లు సరిచేసి దాని కింద జవాబు రాయాలి. అదే పద్ధతిలో మీకూ రాస్తున్నాను. ఐపీస్ నంబరు 10, నడిమధ్యన మచ్చ, చూసి సరిచేయగలరు. వస్తువు వెనక్కి పంపాను.

ఇట్లు,
జకర్యా

తా.క.: మచ్చ కొలత అడుగుతారేమో. చెయ్యి చాచి అర్ధరూపాయి బిళ్ల పట్టుకుంటే ఎంతో, అంత.


మల్కాజ్‌గిరి,
7 ఫిబ్రవరి 2005

జకర్యా గారికి,
సుబ్బరాజు నమస్కారాలు, దేవకృప గారికి ప్రత్యేకంగా.

ఐపీస్ చూశాను, బాగానే ఉంది. దీపం కింద పెట్టి చూశాను. నాలుగు లెన్సులూ విప్పి, తుడిచి, మళ్లీ కూర్చి చూశాను. మా డాబా మీదికెక్కి దాంతోనే శనిని చూశాను. ఉంగరం, ఉంగరానికీ గ్రహానికీ మధ్య సందు, పక్కన ఒక చిన్న చుక్కలా దాని చందమామ, అన్నీ ఉన్నాయి. మా అమ్మాయి సాయిదుర్గకు చూపించాను. ఆమె సాఫ్ట్‌వేరులో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తుంది, జీతమే అందుకు. ఆమె కూడా తప్పు లేదంది.

అయినా మాట ఇచ్చాను కాబట్టి దాన్ని నా దగ్గరే ఉంచుకుని, ఇంకో కొత్త 10 పంపుతున్నాను. చూసేటప్పుడు ఊపిరి గాజు మీద పడకుండా చూసుకోండి. మెత్తటి పాత నూలుగుడ్డతో తప్ప తుడవకండి. ఇంజను తుడిచే పీచుతో తుడిచి ఉంటే మాత్రం దయచేసి నాకు చెప్పకండి, తట్టుకోలేను.

మీ,
సుబ్బరాజు

తా.క.: ఏల్నాటి శని ఉన్నవాళ్లకు మేం గురుగ్రహం చూపిస్తాం. అదే ధర. వాసు గారికి చెప్పండి.


లాలాగూడ,
15 ఫిబ్రవరి 2005

సుబ్బరాజు గారికి,
జకర్యా రాయునది.

'చూశాను, బాగానే ఉంది.' ఈ మాట ఎక్కడ నేర్చుకున్నారండీ? నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు పనిచేసిన ఊళ్లో ఒక పాత షెడ్డు ఉండేది. అక్కడివాళ్లు దేనికైనా ఈ మాటే రాసేవాళ్లు. ఒకసారి హారన్ మోగడం లేదని పుస్తకంలో రాశాను. కింద 'చూశాం, బాగానే ఉంది' అని వచ్చింది. ఆ ట్రిప్పంతా నా అసిస్టెంటు కిటికీలోంచి తల బయటపెట్టి గేదెల్ని నోటితో అదిలించుకుంటూ వచ్చాడు. అప్పటి నుంచీ ఆ మాట కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట రాసినవాడు వస్తువు ముట్టుకోలేదని అర్థం.

మీ రెండో 10లోనూ మచ్చ ఉంది. అదే చోట, అదే కొలత. మీరు పాతదాన్నే కొత్త కాగితంలో చుట్టి పంపారని నా అనుమానం కాదు, నమ్మకం. మౌలాలి దగ్గర ఒక సిగ్నల్ డిసెంబరు నుంచీ మసగ్గా ఉంటోంది. నేను రెండుసార్లు రాసిచ్చాను. వాళ్లూ 'చూశాం, బాగానే ఉంది' అన్నారు. మీరూ వాళ్లూ ఒకే యూనియనా?

నా కళ్ల మీదికి మాత్రం రాకండి. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క మెడికల్ తప్పలేదు. రంగు చుక్కల పుస్తకంలో అంకెలన్నీ డాక్టరు పేజీ తిప్పకముందే చెప్పేవాణ్ని. నిన్ననే కాజీపేట వెళ్లి వచ్చాను, ఏ ఇబ్బందీ లేదు. లోపం మీ గాజులో ఉంది. ఒప్పుకుని, మంచిది పంపండి.

జకర్యా

తా.క.: దేవకృప మీ రెండోది కూడా చాలా బాగుందంది. నేను గొట్టం మూత తియ్యకముందే అంది.


మల్కాజ్‌గిరి,
20 ఫిబ్రవరి 2005

జకర్యా గారికి,
సుబ్బరాజు నమస్కారాలు.

మీ కోపం నాకు కోపం తెప్పించలేదు. ఇంకేదో తెప్పించింది. దాని పేరు రాయను.

ఒక చిన్న పరీక్ష చెప్తాను, నా కోసం చెయ్యండి. చంద్రుడు ఉన్న రోజున ఐపీస్ పెట్టి మచ్చను చూడండి. చూస్తూనే ఐపీస్‌ను గొట్టంలో నెమ్మదిగా చేత్తో తిప్పండి. గాజులో మరక ఉంటే గాజుతో పాటు అదీ తిరుగుతుంది. తిరగకుండా ఉన్నచోటే ఉంటే అది గాజులోది కాదు. ఆ తర్వాత, మీరు అలవాటుగా ఏ కన్నుతో చూస్తారో అది మూసి, రెండోదానితో చూడండి. రెండు నిమిషాల పని. ఏం కనబడితే అది ఉన్నదున్నట్టు రాయండి. నేను ఎవరికీ చెప్పను.

దీనితో 20 నంబరుది ఒకటి పంపుతున్నాను. ముప్ఫై ఐదు రెట్లే చూపిస్తుంది గానీ వెలుగు ఎక్కువ, కన్ను కాస్త దూరంగా పెట్టినా బొమ్మ పోదు. దీనికి డబ్బు వద్దు. అమ్మడం కోసం పంపలేదు.

మీ శ్రేయోభిలాషి,
సుబ్బరాజు

తా.క.: మౌలాలి సిగ్నల్ గురించి మీరు రాసిన వాక్యం నాలుగుసార్లు చదివాను. ఈ తాజా కలంలో జోకు లేదు, క్షమించండి.


లాలాగూడ,
4 మార్చి 2005

సుబ్బరాజు గారికి,

మీరు చెప్పిన పరీక్ష చేశాను. ఐపీస్ తిప్పితే మచ్చ కూడా తిరిగింది. గుండ్రంగా, శుభ్రంగా తిరిగింది. కాబట్టి లోపం గాజుదే. ఇప్పుడేమంటారు?

మూడో ఐపీస్‌లోనూ మచ్చ ఉంది. ఉచితంగా ఇచ్చారు కాబట్టి దాని మీద ఫిర్యాదు చేయకూడదని దేవకృప అంది. నేను చేస్తాను. రెండో కన్ను సంగతి అడిగారు. నాకు కుడికన్నుతో చూడటమే అలవాటు. అలవాటు లేనిదాంతో నేను చూడను. ఎడమ చేత్తో అన్నం తినమంటే మీరు తింటారా?

మీరు మంచివారే. కానీ మాటల్లో డాక్టరు వాసన వస్తోంది. నేను డాక్టరుకు రాయలేదు, లెన్సుల షాపుకు రాశాను. నా పని బాగానే సాగుతోంది. ఈ వారంలో మూడు ట్రిప్పులు చేశాను. మీరు తప్పు ఒప్పుకుని, మచ్చ లేనిది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పంపితే ఈ గొడవ ఇంతటితో ఆపేస్తాను. లేదంటే వినియోగదారుల కోర్టు ఉంది, నా దగ్గర మీ ఉత్తరాలన్నీ ఉన్నాయి.

జకర్యా

తా.క.: ఉత్తరాలు గోధుమరంగు కవరులో వరసగా పెట్టాను. అవి మా ఇంట్లో నా సర్వీసు కాగితాలకన్నా భద్రంగా ఉన్నాయి. ఎందుకో నాకూ తెలియదు.


మల్కాజ్‌గిరి,
9 మార్చి 2005

జకర్యా గారికి,
మీకన్నా చిన్నవాడైన సుబ్బరాజు, తప్పు రాస్తే మన్నించమని ముందే వేడుకుంటూ రాస్తున్నది.

మీరు అబద్ధం రాశారు. మూడు వేర్వేరు ఐపీస్‌లలో ఒకే చోట, ఒకే కొలతలో మరక ఉండదు. మొదటిది నా బల్ల మీదే ఉంది, రోజూ చూస్తున్నాను, అందులో ఏమీ లేదు. మచ్చ తిరగలేదు. మీకూ తెలుసు. మచ్చ మీ కంటిలో ఉంది జకర్యా గారూ. ఈ వాక్యం రాయడానికి నాకు పదిహేడు రోజులు పట్టింది.

నాకు భయంగా ఉంది. మా సాయిదుర్గ రోజూ పొద్దున ఇక్కడ లోకల్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి ఆఫీసుకు పోతుంది. ఈ మధ్య నేనూ స్టేషనుకు వెళ్తున్నాను. "ఏంది నాన్నా, నేనేమన్న చిన్నపిల్లనా?" అని విసుక్కుంటోంది. పక్క లైన్లో గూడ్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడి, ఇంజను కిటికీలో ఎవరున్నారో చూస్తున్నాను. మిమ్మల్ని ఎన్నడూ చూడలేదు కదా, చూసి ఏం ఆనవాలు పడతాను? అయినా చూస్తున్నాను.

మీ ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నాను. మీ పేరు, ఊరు అన్నీ ఉన్నాయి. పోస్టు డబ్బా దాకా రెండుసార్లు వెళ్లి తిరిగి వచ్చాను. పోస్ట్ చేస్తే మీ ముప్ఫై ఒక్క ఏళ్లు నా చేత్తో తుడిచేసినట్టు. చేయకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు నేను ఎవరి మొహం చూడను? ఇరవయ్యో తారీకు దాకా ఆగుతాను. ఈలోగా మీరే వెళ్లి చూపించుకోండి. తోడు కావాలంటే నేను వస్తాను, షాపు మూసేస్తాను. మూసినా తెరిచినా ఎవరికీ పెద్ద తేడా తెలియదు.

మీ,
సుబ్బరాజు

తా.క.: కోర్టుకు వెళ్లాలనుకుంటే వెళ్లండి. నేను ఓడిపోతానని ఇప్పుడే రాసిస్తాను. ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి చాలు.


లాలాగూడ,
22 మార్చి 2005

ఆప్తులు సుబ్బరాజు గారికి,
జకర్యా వందనాలు. చేతిరాత మారిందని కంగారుపడకండి. నేను చెప్తుంటే దేవకృప రాస్తోంది.

గడువు రెండు రోజులు దాటింది, జేబులో ఉత్తరం ఇంకా ఉంటే చించేయండి. రైల్వే ఆసుపత్రిలో చూపించుకున్నాను. కుడికన్ను నడిమధ్యన చూపు పోయింది. ఎడమదానిలోనూ మొదలైందట. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు ఎడమది సర్దుకుపోతూ వచ్చింది కాబట్టి నాకు ఇన్నాళ్లూ తెలియలేదన్నారు. పోయింది రాదు, ఉన్నది నిదానంగా పోయేలా చూడొచ్చు అన్నారు. డ్రైవరు పనికి పనికిరాడని కాగితం ఇచ్చారు. మౌలాలి సిగ్నల్ డిపార్టుమెంటువాళ్లకు క్షమాపణ రాసిచ్చాను. వాళ్లు నిజంగానే చూశారు, అది నిజంగానే బాగానే ఉంది.

ఇక మీకు చెప్పాల్సింది ఒకటుంది. మీరు నేర్పిన పరీక్ష నేను మీరు చెప్పకముందే చేశాను. ఏ భాగంలో లోపముందో తెలియనప్పుడు దాన్ని తిప్పి చూడటం ఇంజను మీద పనిచేసేవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. మీ రెండో ఐపీస్ వచ్చిన సాయంత్రం, ఫిబ్రవరి పదో తారీకున, తిప్పి చూశాను. గాజు తిరిగింది, మచ్చ తిరగలేదు. మర్నాడు పొద్దున్నే నడుంనొప్పి అని రాసిచ్చి సెలవు పెట్టాను. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఒక్క ఇంజను ఎక్కలేదు. కాజీపేట ట్రిప్పు, వారంలో మూడు ట్రిప్పులు, అన్నీ అబద్ధం. మీ అమ్మాయి ఎక్కిన బండి పక్కన నేను లేను. ఆ సంగతి మీకు ముందే రాయకపోవడం నా తప్పు. మీరు స్టేషనులో నిలబడ్డారని చదివి సిగ్గుతో చచ్చిపోయాను.

మరి ఇంట్లో ఏం చెప్పాలి? రోజూ యూనిఫామ్ వేసుకుని, క్యారేజీ పట్టుకుని డ్యూటీకని బయల్దేరి, మౌలాలి గుట్ట మెట్ల మీద కూర్చునేవాణ్ని. అక్కడికి బళ్ల చప్పుడు వినబడుతుంది. హారన్ బట్టి ఏ డ్రైవరో చెప్పగలను. ఆ మెట్ల మీద కూర్చునే మీకు కోపంగా ఉత్తరాలు రాశాను. మీతో పోట్లాడుతున్నంతసేపూ లోపం మీ గాజులోనే ఉండేది. మీరు ఒక్కసారి ఓడిపోయి, అవును మచ్చ నాదే అని రాస్తే మర్నాడు వెళ్లి ఇంజను ఎక్కేవాణ్నేమో. మీరు ఓడిపోలేదు. దానికి మీకు ఎలా దండం పెట్టాలో నాకు తెలియడం లేదు.

ఇకనుంచి నాకు డ్రైవర్లను డ్యూటీకి పిలిచే ఆఫీసులో పని. అందరినీ నేనే బళ్లు ఎక్కిస్తాను. నవ్వండి, పర్వాలేదు. వాసు మొన్న వచ్చి కూర్చుని, "నా శని నీకు తగిలిందేమో అన్నా" అని ఏడ్చాడు. వాణ్ని ఓదార్చడానికి నాకు గంట పట్టింది.

ఒక ఆర్డరు. దేవకృప కళ్లజోడు పెట్టుకుంటుంది. జోడు తియ్యకుండా చూడగలిగే ఐపీస్, వెయ్యి లోపు, ఏ నంబరైతే మంచిదో మీరే చూసి పంపండి. ఇంజనులో సిగ్నల్ రాగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెప్తాడు, డ్రైవరు అదే తిరిగి చెప్తాడు. అలా ఆవిడ చూసి చెప్తుంది, నేను తిరిగి చెప్తాను. నాకు మీ 20 చాలు. పక్కకు చూస్తూ ఉంటే ఒక్కోసారి ఉంగరం తగులుతుంది. చూశానని చెప్పుకోలేను, చూడలేదని కూడా అనలేను.

ఎప్పటికీ మీ,
జకర్యా

తా.క.: సుబ్బరాజు అన్నయ్య గారూ, ఇక్కడి నుంచి ఆయన చెప్పింది కాదు, నేను దేవకృపను రాస్తున్నాను. చదివి వినిపించేటప్పుడు ఇది వదిలేస్తాను.

నాకు ఒక కన్ను మూసి ఒక కన్ను తెరవడం చిన్నప్పటి నుంచీ రాదండీ. ఒకటి మూస్తే రెండూ మూసుకుపోతాయి. మీరు పంపిన ఐపీస్‌లన్నిటిలో నేను చూసింది చీకటే. పాపం ముచ్చటపడి పిలిచారు కదా అని బాగుందన్నాను. మొన్న ఇది చెప్తే ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి నవ్వారు. తన అరచెయ్యి నా ఎడమకంటి మీద కప్పి పట్టుకున్నారు. అప్పుడు చూశాను. ఉంగరం ఉందండీ. ఎలా ఉందో చెప్పవే అని అడిగితే నాకు మాట రాలేదు. బాగుందనే మాట అప్పటికే వాడేసుకున్నాను.

ఆయనకు చెప్పనిది ఇంకొకటుంది. ఫిబ్రవరి పదకొండు నుంచి ఆయన యూనిఫామ్ మాయలేదు. ముప్ఫై ఏళ్లు ఆ కాలరు రుద్దిన చేతులండీ ఇవి. బ్రేకు దుమ్ము లేదు, నూనె వాసన లేదు. ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు గానీ, ఇంజను దగ్గరికి కాదని మొదటి రోజే తెలిసిపోయింది. అడిగేస్తే పొద్దున లేచి వెళ్లడానికి ఆయనకు ఆ చోటు కూడా ఉండదనిపించింది. అందుకని రోజూ క్యారేజీ కట్టి ఇచ్చాను. సాయంత్రం ఆయన విప్పిన శుభ్రమైన చొక్కాను మళ్లీ సబ్బు పెట్టి ఉతికి, ఆయనకు కనబడేలా ఆరేశాను.